అప్‌లింక్, డౌన్‌లింక్ ఒకే వేళకు తగిలినప్పుడు: ఆ పరిష్కారానికి పేటెంటు రాసుకునే విధానం

ఒక వైర్‌లెస్ పరికరం టవరుకు పంపవలసిన సమయమూ (అప్‌లింక్), టవరు నుంచి వినవలసిన సమయమూ (డౌన్‌లింక్) ఒకదానిపై ఒకటి పడినప్పుడు ఏం చేయాలో చెప్పే పద్ధతికి భారతదేశంలో పేటెంటు వస్తుందా అని అడిగితే, వస్తుందనే చెప్పాలి. అయితే "రెండింటిలో ముఖ్యమైనదాన్ని ఉంచి, రెండోదాన్ని వదిలేయాలి" అన్న దగ్గరే ఆగిపోయిన ఆలోచనకు రావడం మాత్రం చాలా కష్టం. ఈ తేడా ఎక్కడుందో, దాన్ని దరఖాస్తులో ఎలా నిలబెట్టుకోవాలో వివరించడానికే ఈ వ్యాసం. కాజీపేట, హనుమకొండ ప్రాంతంలో ఎన్‌ఐటీలోనో, కిట్స్‌లోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో కమ్యూనికేషన్ల మీద పనిచేస్తున్న పరిశోధకులనూ, మడికొండ ఐటీ పార్కు వైపు చిన్న సంస్థ పెట్టుకున్నవారినీ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. పేటెంట్ ఏజెంటు దగ్గరకు వెళ్లే ముందు మీ చేతిలో ఏముండాలో ఇది చెబుతుంది. ఏజెంటు అవసరాన్ని మాత్రం తీర్చదు.

సమస్యను ముందు భౌతికంగా చెప్పండి

ఒకేసారి పంపడం, వినడం ఎందుకు కుదరదో మొదట కాగితం మీద పెట్టాలి. పేటెంటు కార్యాలయ పరీక్షకుడు వెతికే సాంకేతిక సమస్య పుట్టేది అక్కడే. సాధారణ ఫోను గరిష్ఠంగా 23 డీబీఎం శక్తితో ప్రసారం చేస్తుంది. టవరు నుంచి దానికి చేరే సంకేతం మైనస్ 100 డీబీఎం దగ్గర ఉండవచ్చు. మధ్యలో 120 డెసిబెళ్లకు పైగా అంతరం ఉంది కాబట్టి, పరికరం తాను పంపే సంకేతంతోనే తన రిసీవరును ముంచేసుకుంటుంది. రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు వాడే ఎఫ్‌డీడీ పద్ధతిలో డ్యూప్లెక్సర్ అనే ఫిల్టరు ఈ చిక్కును తీరుస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ ఫిల్టరు లేకుండా తయారుచేసిన పరికరాలే హాఫ్ డ్యూప్లెక్స్ పరికరాలు. ఎల్‌టీఈలో (4జీలో) ఇవి రిలీజ్ 8, అంటే ప్రమాణపు ఎనిమిదో విడుదల, నుంచే ఉన్నాయి. రిలీజ్ 13లో వచ్చిన, కొద్దిపాటి సమాచారం పంపే ఎన్‌బీ-ఐఓటీ పరికరాలూ, రిలీజ్ 17లో వచ్చిన, సామర్థ్యం తగ్గించిన 5జీ పరికరాలైన రెడ్‌క్యాప్ పరికరాల్లో ఒక రకమూ ఇదే కోవకు చెందుతాయి.

పంపడం, వినడం వంతులవారీగా సాగే టీడీడీ పద్ధతిలో చిక్కు వేరుగా ఉంటుంది. అక్కడ ఫ్రీక్వెన్సీ ఒక్కటే. ఒక్కో సింబల్ (ప్రసారంలోని చిన్న కాల ఖండం) ఏ దిశకు చెందినదో నెట్‌వర్కు ముందుగానో, అప్పటికప్పుడో చెబుతుంది. ముందుగా నిర్ణయించిన అప్‌లింక్ సింబళ్ల మీద, అప్పటికప్పుడు వచ్చిన డౌన్‌లింక్ ఆదేశం పడినప్పుడు దిశల మధ్య ఘర్షణ వస్తుంది. దీనికి తోడు, రిసీవరు నుంచి ట్రాన్స్‌మిటరుకు మారడానికి కొంత సమయం కావాలి. 5జీలో 6 గిగాహెర్ట్జ్‌లకు దిగువనున్న బ్యాండ్లలో ఈ మార్పు సమయాన్ని సుమారు 13 మైక్రోసెకన్లుగా లెక్కిస్తారు. అంటే కాగితం మీద రెండు ప్రసారాలు తాకకుండా పక్కపక్కనే ఉన్నా, పరికరానికి అవి ఒకదానిపై ఒకటి పడినట్లే. ఈ చిన్న సంగతిని క్లెయిములో, అంటే హక్కు కోరే పరిధిని చెప్పే వాక్యంలో, మరిచిపోయిన దరఖాస్తులు ఎక్కువగా ఉంటాయి. గుర్తుపెట్టుకున్నవి ఇక్కడే కొంత బలం సంపాదిస్తాయి.

మూడో రకం బేస్ స్టేషన్ (టవరు) వైపు సమస్య. ఒకే క్యారియర్‌లో కొన్ని సబ్‌బ్యాండ్లను అప్‌లింక్‌కూ, కొన్నింటిని డౌన్‌లింక్‌కూ ఏకకాలంలో వాడే సబ్‌బ్యాండ్ ఫుల్ డ్యూప్లెక్స్‌ను, మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ రిలీజ్ 18లో అధ్యయనం చేసింది. ఆ అధ్యయన నివేదిక సంఖ్య 38.858. పక్క సెల్లులోని ఒక పరికరం పంపుతుంటే ఈ సెల్లులోని మరో పరికరానికి కలిగే క్రాస్ లింక్ ఇంటర్‌ఫియరెన్స్ కొలతలు రిలీజ్ 16లోనే వచ్చాయి. మీ ఆలోచన ఈ మూడింటిలో దేనికి చెందుతుందో తేల్చుకోకుండా "అప్‌లింక్, డౌన్‌లింక్ ఘర్షణ" అని మొత్తంగా రాస్తే, మూడు రంగాల్లోని పాత పత్రాలన్నీ మీ మీదికి వస్తాయి.

ఒక ఉదాహరణను పట్టుకుందాం

జనగామ వైపు ఒక బోరు దగ్గరున్న స్టార్టరు డబ్బాను ఊహించుకోండి. వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1న మొదలైనప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్లను తీసేయమని రాష్ట్ర ప్రభుత్వం రైతులను కోరింది; దానికి బదులు, రైతే ఫోనులో ఆన్, ఆఫ్ చేసుకునే సిమ్ స్టార్టరు మన ఊళ్లకు కొత్త వస్తువేమీ కాదు. మన ఊహాత్మక డబ్బాలో ఎన్‌బీ-ఐఓటీ మాడ్యూల్ ఉంది. కరెంటు పోయినప్పుడో, ఒక ఫేజు పోయినప్పుడో అది కబురు పంపాలి. రైతు ఇచ్చిన ఆదేశాన్ని వినాలి. రెండూ ఒకేసారి చేయలేదు.

సంకేతం బలహీనంగా ఉన్న చోట ఎన్‌బీ-ఐఓటీ పరికరం ఒకే సమాచారాన్ని 128 సార్ల వరకు మళ్లీమళ్లీ పంపగలదు. 15 కిలోహెర్ట్జ్ సింగిల్ టోన్‌లో ఒక రిసోర్స్ యూనిట్ నిడివి 8 మిల్లీసెకన్లు కాబట్టి, 128 పునరావృతాలకు 1,024 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో ప్రతి 256 మిల్లీసెకన్ల ప్రసారం తర్వాత 40 మిల్లీసెకన్ల విరామం ఉంటుంది. పరికరం తన సమయాన్నీ, ఫ్రీక్వెన్సీనీ టవరుతో సరిచూసుకోవడానికి ప్రమాణం ఇచ్చిన వెసులుబాటు అది. ఆ విరామం తప్ప, సెకనుకు పైగా పరికరానికి చెవి వినిపించదు.

ఇప్పుడు ఆవిష్కరణగా ఈ పద్ధతిని అనుకుందాం. పరికరం వినవలసిన కిటికీ ఒకటి అప్‌లింక్ పునరావృతాల మధ్యలో పడుతుంది. గతంలో పంపిన నివేదికను ఎన్నో పునరావృతానికల్లా చదవగలిగిందో బేస్ స్టేషన్, అది అందిందని తెలిపే తన అంగీకార సందేశంలో చెప్పి ఉంటుంది. కిటికీ మొదలయ్యేలోపు పరికరం ఆ సంఖ్యకు చేరి ఉంటే, పునరావృతం పూర్తయిన గీత దగ్గర ఆగి, దిశ మార్చుకుని వింటుంది. అంగీకారం వస్తే మిగిలిన పునరావృతాలను పంపనే పంపదు, రాకపోతే ఆగిన చోటు నుంచి కొనసాగిస్తుంది. ఆ సంఖ్యకు చేరకపోతే పంపడం ఆపదు. కిటికీయే అప్‌లింక్ ముగిసిన తర్వాతి నిర్ణీత స్థానానికి జరుగుతుంది. బేస్ స్టేషన్ కూడా అవే సంఖ్యలతో అదే లెక్క వేస్తుంది కాబట్టి, ఏ స్థానంలో పలకాలో దానికి విడిగా చెప్పవలసిన అవసరం లేదు.

ఇది పేటెంటుకు ఖాయంగా నిలుస్తుందని చెప్పడం లేదు. పరిశీలించడానికి తగినంత వివరం దీనిలో ఉందని మాత్రమే. "అత్యవసర సందేశానికి ప్రాధాన్యం" అన్న వాక్యంతో దీన్ని పోల్చి చూస్తే, రెండింటి మధ్య ఎంత దూరం ఉందో మీకే కనిపిస్తుంది.

వెతకవలసింది పేటెంట్లలో మాత్రమే కాదు

పేటెంటు పత్రాల కోసం భారత పేటెంటు కార్యాలయపు ఇన్‌పాస్, ఐరోపా కార్యాలయపు ఎస్పాస్‌నెట్, వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్ సరిపోతాయి. పదాలతో మొదలుపెట్టకండి, ఒకే సంగతిని ఒకరు కొలిజన్ అంటారు, ఒకరు ఓవర్‌ల్యాప్ అంటారు, మరొకరు డైరెక్షన్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు, ఇంకొకరు డ్రాపింగ్ రూల్ అని మాత్రమే రాస్తారు. వర్గీకరణ సంకేతాలతో మొదలుపెట్టండి: రెండు దిశల ప్రసారానికి హెచ్04ఎల్ 5/14, హాఫ్ డ్యూప్లెక్స్‌కు హెచ్04ఎల్ 5/16, కాల వనరుల కేటాయింపుకు హెచ్04డబ్ల్యూ 72/0446. దొరికిన మొదటి పది పత్రాల్లోని పదాలను ఏరుకుని అప్పుడు పదశోధనకు దిగండి.

అసలు ప్రమాదం 3జీపీపీ పత్రాల్లో ఉంటుంది. రేడియో పొరకు సంబంధించిన చర్చ జరిగే రాన్1 బృందానికి కంపెనీలు ఇచ్చే ప్రతి సాంకేతిక ప్రతిపాదనా సమావేశానికి ముందే బహిరంగ సర్వరులోకి ఎక్కుతుంది. దాన్ని చదవడానికి సభ్యత్వమూ, పాస్‌వర్డూ అక్కరలేదు. ఎక్కించిన తేదీ, సమయం కూడా అక్కడే నమోదవుతాయి. కనుక ప్రమాణంలోకి చేరిన నియమమే కాదు, చర్చలో ఓడిపోయిన ప్రతిపాదన కూడా మీ ఆవిష్కరణకు ముందటి జ్ఞానమే. అప్‌లింక్ వదలాలా, డౌన్‌లింక్ వదలాలా, ఒకటి వాయిదా వేయాలా, ఒకదాన్ని ముక్కలు చేయాలా అన్న నాలుగు దారులనూ వేర్వేరు కంపెనీలు ఒకటవ ఐచ్ఛికం, రెండవ ఐచ్ఛికం అంటూ వరుసపెట్టి రాసేస్తాయి. కేవలం ప్రాధాన్యాన్ని ఎంచుకునే పద్ధతుల్లో కొత్తది మిగలకపోవడానికి ఇదే కారణం.

అమలులో ఉన్న నియమాన్ని కూడా క్షుణ్ణంగా చదవాలి. 5జీ భౌతిక పొర నియంత్రణ విధానాలను చెప్పే 3జీపీపీ పత్రం 38.213లో 11.1 విభాగం దీనికి మొదటి మెట్టు. ముందుగా అమర్చిన అప్‌లింక్ మీద అప్పటికప్పుడు వచ్చిన డౌన్‌లింక్ ఆదేశం పడితే అప్‌లింక్‌ను రద్దు చేయాలి. కానీ ఆదేశం అందిన తర్వాత ప్రసారపు తయారీకి కావలసినంత వ్యవధి లేకపోతే రద్దు చేయమని పరికరాన్ని ఒత్తిడి చేయరు. హాఫ్ డ్యూప్లెక్స్ రెడ్‌క్యాప్ పరికరాల నియమాలు అదే పత్రంలో 17.2 విభాగంలో ఉన్నాయి. మీ పద్ధతి ఈ రెండింటికీ ఎక్కడ భిన్నమో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, ఇంకా దరఖాస్తు రాసే సమయం రాలేదని అర్థం.

ఇన్వెంటివ్ స్టెప్ ఎక్కడ దొరుకుతుంది

పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 2(1)(జెఏ) ప్రకారం ఇన్వెంటివ్ స్టెప్ ఉందనాలంటే, ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండి, ఆ రంగంలో నైపుణ్యం ఉన్న వ్యక్తికి తట్టేది కాకుండా ఉండాలి. మన రంగంలో ఆ నైపుణ్యం గల వ్యక్తి 3జీపీపీ పత్రాలు చదివినవాడే. అతనికి పైన చెప్పిన నాలుగు దారులూ కంఠస్థం. నాలుగింటిలో ఒకదాన్ని ఏరుకోవడం అతనికి తట్టదని వాదించడం వృథా.

మన ఉదాహరణనే ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం. దగ్గరి పాత జ్ఞానం 256 మిల్లీసెకన్ల తర్వాత వచ్చే 40 మిల్లీసెకన్ల విరామం. విరామాన్ని వినడానికి వాడుకోవడం అతనికి తట్టవచ్చు; అందులో పసలేదు. పునరావృతాలను మధ్యలో ఆపేసే ఆలోచన కూడా ఇదివరకు చర్చకు వచ్చినదే. కొత్తదనం, విరామపు స్థానాన్ని స్థిరమైన కాలాన్ని బట్టి కాక, గత నివేదిక విజయవంతమైన పునరావృత సంఖ్యను బట్టి నిర్ణయించడంలో ఉంది. ఇంతకు ముందు ఈ నిర్ణయంలో వాడని ఒక సమాచారం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. ఇది మొదటి ఆధారం, కానీ బలమైనది కాదు. "లింకు నాణ్యతను బట్టి సర్దుబాటు చేయడం అందరికీ తెలిసిన సంగతే" అని పరీక్షకుడు ఒక్క వాక్యంలో కొట్టిపారేయగలడు.

బలమైన ఆధారం వేరే చోట ఉంది. పరికరం గత అంగీకార సందేశాన్ని వినలేకపోయిందనుకోండి. అప్పుడు బేస్ స్టేషన్ లెక్కలోని సంఖ్య ఒకటి, పరికరం లెక్కలోని సంఖ్య మరొకటి. ఒకరు పలికే వేళకు రెండోవారు వినరు. ఈ రంగంలో నిజమైన కష్టం ఇదే: ఏ నియమం పెట్టినా, రెండు వైపులా ఒకే నిర్ణయానికి రావాలి, అదీ మధ్యలో ఒక సందేశం పోయినా సరే. కొత్త సంఖ్య వెంటనే అమలుకు రాకుండా, పరికరం తర్వాతి అప్‌లింక్‌లో దాని సూచికను తిప్పి పంపిన తర్వాతే అమలుకు వచ్చేట్లు చేస్తే ఈ తేడా తొలగిపోతుంది. సాధారణంగా ఆవిష్కర్తలు ఇటువంటి అంశాన్ని అమలు వివరంగా భావించి ఏజెంటుకు చెప్పరు. నా అభిప్రాయంలో మొదట చెప్పవలసింది అదే. అప్‌లింక్, డౌన్‌లింక్ ఘర్షణ పేటెంట్లలో నిలబడేవి ఎక్కువగా "ఏది వదలాలి" అన్న జవాబు మీద కాక, "వదిలిన సంగతి రెండోవారికి ఎలా తెలుస్తుంది" అన్న జవాబు మీద నిలబడతాయి.

ప్రయోజనాన్ని నిజాయితీగా రాయాలి. ఒక సెకను ఆలస్యమైతే బోరు మోటారు కాలిపోదు. అలా రాస్తే తెలిసిన పరీక్షకుడు నవ్వుకుంటాడు. కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ ఆదా అన్న మాటకూ అర్థం లేదు. కానీ కరెంటు పోయిన కబురును డబ్బా చిన్న బ్యాటరీ మీదనో, కెపాసిటర్ మీదనో పంపవలసి ఉంటుంది. అక్కడ అవసరం లేని ప్రతి పునరావృతమూ నేరుగా శక్తి నష్టమే. చదవగలిగిన ఒక నివేదికకు ఎంత శక్తి ఖర్చయిందో పాత పద్ధతితో పోల్చి ఒక పట్టిక, ఒక గ్రాఫు పెడితే, సాంకేతిక పురోగతి అన్న మాటకు కొలవదగిన ఆధారం దొరుకుతుంది. సిమ్యులేషన్ అయినా ఫరవాలేదు, ఏ చానల్ నమూనాతో, ఏ షరతులతో చేశారో రాయాలి.

సెక్షన్ 3(కె) భయం

గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాము, ఆల్గారిథమ్ ఇవి ఆవిష్కరణలు కావని సెక్షన్ 3(కె) చెబుతుంది. చాలామంది దీన్నే పెద్ద అడ్డంకిగా ఊహించుకుంటారు. ఈ తరహా దరఖాస్తులకు అసలు అడ్డంకి ఇన్వెంటివ్ స్టెప్ అనీ, 3(కె)ని జాగ్రత్తగా రాస్తే దాటవచ్చనీ నేను అనుకుంటాను. కంప్యూటర్ సంబంధిత ఆవిష్కరణలపై పేటెంటు కార్యాలయం ఇచ్చిన 2016 మార్గదర్శకాల్లో కొత్త హార్డ్‌వేర్ ఉండాలన్న పరీక్ష ఉండేది. 2017 మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం గానీ, సాంకేతిక తోడ్పాటు గానీ చూపిన ఆవిష్కరణను కంప్యూటర్ ప్రోగ్రాము మీద ఆధారపడిందన్న కారణంతోనే తోసిపుచ్చకూడదన్న దృష్టిని స్పష్టం చేసింది.

దాటడమెలాగంటే, నిర్ణయం తీసుకోవడం దగ్గర క్లెయిమును ఆపకూడదు. "నిర్ణయించుట" అన్న మెట్టు తర్వాత రేడియోలో ఏం మారిందో చెప్పాలి: ఫలానా సింబల్ దగ్గర ట్రాన్స్‌మిటరు ఆగింది, ఇంత వ్యవధిలో దిశ మారింది, ఫలానా కిటికీలో రిసీవరు సంకేతాన్ని అందుకుంది. ప్రాసెసర్, మెమరీ అని మాత్రమే గీసిన బొమ్మ చాలదు. ఆంటెన్నా స్విచ్, ట్రాన్స్‌సీవర్, వాటి మధ్య కాలరేఖ కూడా గీయాలి. సమీకరణం ఉంటే ఉండవచ్చు, అయితే దాని ఫలితం ఏ భౌతిక చర్యను నడిపిస్తుందో అదే వాక్యంలో ఉండాలి. కంప్యూటర్ చదివే మాధ్యమం మీద విడిగా క్లెయిము పెడితే మన కార్యాలయంలో తరచుగా అభ్యంతరం వస్తుంది. అమెరికా దరఖాస్తుకు దాచుకోండి.

క్లెయిము రాయడం

భారతదేశంలో పత్రాలు హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ దాఖలు చేయాలి. అయినా మొదట తెలుగులో ఆలోచించి రాసుకోవడం మంచి అలవాటు. ఎక్కడ కర్త మారిపోతున్నదో వెంటనే కనిపిస్తుంది. మన ఉదాహరణకు ముఖ్య క్లెయిము భావం ఇలా ఉండవచ్చు: ఒక హాఫ్ డ్యూప్లెక్స్ పరికరం చేసే పద్ధతి, అందులో పరికరం మునుపటి అప్‌లింక్ ఏ పునరావృతానికి చదవబడిందో తెలిపే సంఖ్యను బేస్ స్టేషన్ నుంచి అందుకుంటుంది, ప్రస్తుత అప్‌లింక్ పునరావృతాల కాలంలో ఒక డౌన్‌లింక్ కిటికీ, దిశ మార్పు వ్యవధితో సహా, పడుతున్నదని గుర్తిస్తుంది, కిటికీకి ముందు పూర్తయిన పునరావృతాలు ఆ సంఖ్యకు చేరాయని తేల్చుకుని, అందుకు స్పందనగా ఒక పునరావృతపు సరిహద్దులో ప్రసారాన్ని నిలిపి, ఆ కిటికీలో డౌన్‌లింక్‌ను అందుకుంటుంది.

దీనిలో "చేరితే ఇలా, చేరకపోతే అలా" అన్న రెండు శాఖలూ లేకపోవడాన్ని గమనించండి. అమెరికా పేటెంటు బోర్డు 2016లో షుల్‌హౌజర్ నిర్ణయంలో, పద్ధతి క్లెయిములో షరతు నెరవేరనప్పుడు ఆ షరతు మీద ఆధారపడిన మెట్టు జరగనక్కరలేదని చెప్పింది. అంటే "ఘర్షణ ఉంటే ఆపుము" అని రాస్తే, ఘర్షణ లేని పాత పత్రం కూడా మీ క్లెయిమును పడగొట్టగలదు. ఘర్షణ నియమాలన్నీ స్వభావరీత్యా షరతులే కాబట్టి ఈ రంగంలో ఈ దెబ్బ బలంగా తగులుతుంది. షరతు నెరవేరిందని గుర్తించడాన్నే ఒక మెట్టుగా రాసి, తర్వాతి చర్యను దానికి స్పందనగా చెప్పాలి. రెండో శాఖను వేరే క్లెయిముకు పంపాలి.

కర్త ఒక్కరే ఉండాలి. పరికరం ఒక పని, బేస్ స్టేషన్ మరో పని చేసే క్లెయిమును ఉల్లంఘించేవారు ఒకరుండరు. ఫోను తయారుచేసే కంపెనీ వేరు, నెట్‌వర్కు నడిపే కంపెనీ వేరు. కనుక పరికరం వైపు పద్ధతి, పరికరం, బేస్ స్టేషన్ వైపు పద్ధతి, బేస్ స్టేషన్ అని నాలుగు స్వతంత్ర క్లెయిములు, ఒకే ఆవిష్కరణాంశం చుట్టూ ఉండాలి. సూచికను తిప్పి పంపే అంశాన్ని ఆశ్రిత క్లెయిముగా తప్పక పెట్టండి. ముఖ్య క్లెయిము పడిపోతే నిలిచేది బహుశా అదే. సెక్షన్ 59 ప్రకారం తర్వాత చేసే సవరణ మొదట దాఖలు చేసిన క్లెయిముల పరిధిని దాటి పోకూడదు కాబట్టి, వెనక్కు తగ్గడానికి కావలసిన మెట్లన్నీ మొదటి రోజునే పత్రంలో ఉండాలి.

వివరణలో సెక్షన్ 10(4) కోరినట్టు మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి ఉండాలి. కాలరేఖ బొమ్మలు కనీసం మూడు గీయండి: పాత నియమంలో ఏమవుతుంది, మీ నియమంలో ఏమవుతుంది, ఒక సందేశం పోయినప్పుడు ఏమవుతుంది. ఎన్‌బీ-ఐఓటీకే కట్టుబడకుండా, రెడ్‌క్యాప్‌లోనూ, ఉపగ్రహం ద్వారా నడిచే నెట్‌వర్కులోనూ అదే సూత్రం ఎలా పనిచేస్తుందో ఒక్కో పేరాలో చెప్పండి. ఉపగ్రహపు దూరం వల్ల టైమింగ్ అడ్వాన్స్ (సంకేతం వేళకు చేరడానికి పరికరం ఎంత ముందుగా పంపాలన్న వ్యవధి) చాలా పెద్దదై, ఘర్షణలు మరింత పెరుగుతాయి.

నోరు జారకముందే దాఖలు

పత్రిక వ్యాసం, సమావేశ ప్రసంగం, కళాశాల ఉత్సవంలో ప్రాజెక్టు ప్రదర్శన, అందరికీ తెరిచిన థీసిస్, 3జీపీపీకి ఇచ్చే ప్రతిపాదన ఇవన్నీ బహిర్గతం చేయడమే. సెక్షన్ 31 కొన్ని సందర్భాల్లో 12 నెలల వెసులుబాటు ఇస్తుంది, కానీ అది ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకూ, పండిత సంఘాల్లో చదివిన పత్రాలకూ పరిమితం. టెక్నోజియాన్ వంటి ఉత్సవంలో స్టాలు పెట్టి దాని మీద ఆధారపడకూడదు. ఐరోపాలో ఆ మాత్రం వెసులుబాటు కూడా ఉండదనే అనుకోవాలి. వ్యాసం తొందర ఉంటే ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్ వేసి, 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వవచ్చు. అయితే రెండు పేజీల ప్రొవిజనల్ వేసి నిశ్చింతగా ఉండటం ప్రమాదం. అందులో లేని అంశానికి ఆ తేదీ దక్కదు. కాలరేఖలూ, సూచిక సంగతీ అందులోనే ఉండాలి.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి; ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు, ఇతరులకు 8,000. ఇది 30 పేజీలకు, 10 క్లెయిములకు వర్తిస్తుంది. దాటితే పేజీకి 160, క్లెయిముకు 320 చొప్పున తక్కువ రుసుము వర్గానికి అదనం. పరీక్ష కోసం ఫారం 18తో ఇచ్చే అభ్యర్థన రుసుము 4,000, ఇతరులకు 20,000. 2024 మార్చి 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు ఈ అభ్యర్థన గడువును 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గించారు. స్టార్టప్ అయినా, దరఖాస్తుదారుల్లో మహిళ ఉన్నా ఫారం 18ఏ ద్వారా త్వరిత పరీక్ష కోరవచ్చు. విద్యార్థి ఆవిష్కర్త అయినప్పుడు, హక్కు సంస్థకు బదిలీ అయినట్లు సంతకాలు ముందే తీసుకోండి. చదువు ముగించి బెంగళూరు వెళ్లిపోయిన తర్వాత సంతకం కోసం తిరగడం కష్టం.

ముందస్తు ప్రచురణ కోరే ఫారం 9 గురించి ఒక మాట. దరఖాస్తు ప్రచురితం కాగానే పేటెంటు వచ్చినట్లు కరపత్రాల్లో వేసుకునే అలవాటు కొన్ని సంస్థల్లో ఉంది. ప్రచురణ అంటే మంజూరు కాదు. మామూలుగా 18 నెలలకు జరిగే దాన్ని నెల రోజుల్లోకి కుదించుకుంటే, మీ తర్వాతి మెరుగుదల దరఖాస్తుకు మీ మొదటి పత్రమే అడ్డు వస్తుంది. పద్ధతి ఇంకా పెరుగుతున్న దశలో దీన్ని కోరవద్దు.

విదేశాల్లో దాఖలు చేయాలనుకుంటే సెక్షన్ 39 ప్రకారం భారతదేశంలో దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇది మరిచిపోతే దరఖాస్తుకే ముప్పు. భారత దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లోగా పీసీటీ (అంతర్జాతీయ పేటెంటు సహకార ఒప్పందం) మార్గంలో వెళ్లవచ్చు. ఆలోచన ప్రమాణంలోకి చేరాలన్న ఆశ ఉంటే, 3జీపీపీలో మన దేశం తరఫు భాగస్వామి టీఎస్‌డీఎస్‌ఐ. దాని ద్వారా ప్రతిపాదన పెట్టే రోజుకు కనీసం ఒక రోజు ముందైనా దరఖాస్తు సంఖ్య చేతికి వచ్చి ఉండాలి.

మొదటి పరీక్ష నివేదిక అందాక జవాబుకు 6 నెలల గడువు, కోరితే మరో 3 నెలలు. నివేదికలో 3(కె) అభ్యంతరం, ఇన్వెంటివ్ స్టెప్ అభ్యంతరం రెండూ రావడం మామూలే. రెండోదానికి ముందు జవాబు రాయండి. పాత పత్రాల్లో పరికరమూ, బేస్ స్టేషనూ వేర్వేరు నిర్ణయాలకు వచ్చే సందర్భాన్ని గీసి చూపి, మీ పద్ధతిలో అది ఎందుకు రాదో చెబితే, అదే సాంకేతిక ప్రభావంగా మొదటి అభ్యంతరానికి కూడా సగం జవాబవుతుంది. విచారణకు పిలిచినప్పుడు కంట్రోలర్‌కు చూపడానికి ఆ కాలరేఖ బొమ్మలు సిద్ధంగా ఉంచుకోండి; విచారణ ముగిసిన 15 రోజుల్లోగా రాతపూర్వక వాదన అందించాలి. తిరస్కరణ వస్తే, మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డును 2021లో రద్దు చేసినందువల్ల అప్పీలు నేరుగా హైకోర్టుకు వెళుతుంది. చెన్నై కార్యాలయపు ఉత్తర్వు మీద మద్రాసు హైకోర్టులో మూడు నెలల్లోగా దాఖలు చేయాలి.